నలభై రెండు లీటర్ల ట్యాంకులో నలభై ఆరు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు వేసవిలో నేను ప్రొద్దుటూరులో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేరాను. లైసెన్సులు, ఫిట్‌నెస్ పరీక్షలతో పాటు సర్కారు కార్లకు సర్టిఫికెట్లివ్వడమూ మా పనే. లీటరుకు ఎంత దూరం నడుస్తుంది, ట్యాంకులో ఎంత పడుతుంది అన్నవి పరీక్షించి, ఆ కారు లాగ్‌బుక్ మొదటి పేజీలో రాసి సంతకం చేస్తాం. తర్వాత డ్రైవరును ఏది నిలదీయాలన్నా ఆ పేజీయే ప్రమాణం.

మూడేళ్ల తర్వాత జమ్మలమడుగులోని ఒక ఆఫీసు నుంచి ఫైలు వచ్చింది. అక్కడి డ్రైవరు ఓబులేసు నలభై రెండు లీటర్ల ట్యాంకులో నలభై ఆరు లీటర్ల డీజిలు పోయించినట్టు బిల్లు పెట్టాడు. మిగతా నాలుగు లీటర్లు అమ్ముకున్నాడని ఛార్జి మెమో ఇచ్చారు. నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషి. నేరం రుజువైతే పింఛనుకే ఎసరు. ట్యాంకు సామర్థ్యం ధ్రువీకరించమని నన్ను అడిగారు.

వెళ్లాను. మెమో రాసిన సూపరింటెండెంటు నవ్వుతూ, "చెంబులో బిందెడు నీళ్లు పడతాయా సార్? ఆ నాలుగు లీటర్లు యాడికి పోయినాయో మీరే చెప్పండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కంపెనీవాళ్లు పుస్తకంలో రాసేది క్షేమంగా పోయదగ్గ కొలత. మన ఎండలకు డీజిలు వ్యాకోచిస్తుంది, ఆవిరికి చోటు కావాలి, అందుకని పైన కొంత ఖాళీ వదులుతారు. మూతిదాకా పోస్తే ఆ ఖాళీలోనూ పడుతుంది, గొట్టంలోనూ నిలుస్తుంది. ఇది ఆయనకు తెలియకపోవడం తప్పు కాదు. ఒక మెకానిక్కునైనా అడగకుండా ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషిని దొంగ అని రాయడం తప్పు. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను.

మూతిదాకా ఎందుకు పోయించావని ఓబులేసును అడిగాను.

"డీజిలుకు వారానికొక్క చీటీ ఇస్తారు సార్, సోమవారం. మా ఆఫీసరయ్యగారు పులివెందులనీ కలమల్లనీ తిరగతానే ఉంటాడు. ట్యాంకు ఎండేదాకా నడిపి, చీటీ దొరికిననాడు మూతిదాకా పోయించుకోకుంటే శుక్రవారానికి బండి యాడ నిలబడుతుందో. నేనేమన్నా తాగినానా దాన్ని?"

రెండూ చెడ్డ అలవాట్లే. ట్యాంకు ఎండితే అడుగు మడ్డి, గాలి ఇంజను పంపులోకి పోతాయి. పావు ట్యాంకు ఉండగానే బంకుకు పోవాలి, నాజిల్ తనంతట తాను ఆగగానే చాలనాలి. కానీ వారానికొక్క చీటీ అనే నియమం పెట్టినవాళ్లకు మెమో ఎవరిచ్చారు?

మర్నాడు పొద్దున్నే బంకులో పరీక్ష పెట్టాం. ముందు సీలు వేసిన ఐదు లీటర్ల కొలపాత్రతో బంకు మీటరు సరిచూశాం. తేడా లేదు. ట్యాంకు అడుగు బోల్టు విప్పి చుక్క లేకుండా దించి, మళ్లీ పోయించాం. నాజిల్ మొదటిసారి ఆగినప్పుడు నలభై రెండు దాటింది. నిదానంగా మూతిదాకా పోస్తే నలభై ఆరున్నర పట్టింది. సూపరింటెండెంటు వంగి మీటరులోని అంకె తానే చదువుకున్నాడు.

ఫలితం రాద్దామని లాగ్‌బుక్ మొదటి పేజీ తీశాను. 'పరీక్షించి ధ్రువీకరించడమైనది: 42 లీటర్లు.' కింద సంతకం నాది. చేరిన కొత్తలో కంపెనీ పుస్తకం చూసి, కుర్చీలోంచి లేవకుండా దించేసిన అంకె అది. ముందురోజు సూపరింటెండెంటు ముఖం మీద అన్న మాట నాకూ తగిలేదే.

ఓబులేసు మెల్లగా, "అది మీ సంతకమని నాకు ముందే తెలుసు సార్. చెప్తే మీరు పరీక్షకు రారేమోనని ఊరకుండినా" అన్నాడు.

జరిగినది జరిగినట్టు, నా తప్పుతో సహా, రిపోర్టు రాశాను. అభియోగం కొట్టేశారు, పింఛను వచ్చింది. కానీ 'ధ్రువీకరించిన సామర్థ్యానికి మించి పోయించినందుకు హెచ్చరించడమైనది' అని అతని సర్వీసు రిజిస్టరులో ఎక్కించారు. ఆ హెచ్చరిక నాకు రావాలని మళ్లీ రాశాను. ఫైలు మూసేశామని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత నేను కొలవని అంకె కింద సంతకం చేయలేదు. ఆ పాఠం నేర్పిన హెచ్చరిక మాత్రం ఇప్పటికీ ఓబులేసు పేరు మీదే ఉంది.