కోరా బట్ట మీద బావి

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పిల్లి ఎదురొస్తే మా అమ్మ ఆగుతుంది, నేను ఆగను. ఈ సంగతి జరిగాక కూడా నేను మారలేదు. అందుకే దీన్ని ఎవరికి ఎలా చెప్పాలో ఇన్నాళ్లూ తెలియలేదు.

మాది చేవెళ్ల. మా బాపుకు బజార్లో బట్టల దుకాణం. నేను హైదరాబాద్‌లో చిత్రకళ చదువుతూ రోజూ మొయినాబాద్ మీదుగా బస్సులో తిరిగేదాన్ని. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు నాకు వచ్చిన అంశం ‘నేల’. అందరూ పొలాలు గీస్తారని తెలుసు. నేను నేల చేతనే బొమ్మ గీయించాలనుకున్నాను.

పద్ధతి సులువైనదే. దుకాణంలో కోరా బట్ట మీటరు ముక్కలుగా కత్తిరించి, నాలుగు పొరలు వచ్చేలా మడిచి, మోకాలి లోతు గుంటలో పాతిపెట్టాలి. ఇరవై ఒక్క రోజులకు తీయాలి. ఈలోగా తడి, తుప్పు, వేళ్లు కలిసి బట్ట మీద ఏదో ఒక మరక వేస్తాయి. మడతల్లో ఉంటుంది కనుక ఒక పొర మీది మరక మిగతా మూడు పొరల మీదా పడుతుంది. విప్పితే అచ్చం ముగ్గులా కనిపిస్తుంది.

ఆలూరులో మేనమామ చేనులో ఒకటి, ముడిమ్యాలలో స్నేహితురాలి వాళ్ల క్యారెట్ తోటలో ఒకటి, మా దుకాణం వెనక ఒకటి పాతాను. నాలుగోది అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో. అక్కడ బాలయ్య తాత వాచ్‌మన్. ఆయన భార్య ఎల్లమ్మవ్వ మొక్కలు చూసుకుంటుంది. అవ్వ చీరలన్నీ మా దుకాణంలోనే కొంటుంది, అలా పరిచయం. ఓనర్ సిటీలో ఉంటాడు, ఆదివారాలు వస్తాడు. ఫోన్ చేసి అడిగితే సరేనన్నాడు.

తాత వాళ్లుండే గది వెనక మట్టి మెత్తగా ఉంటుందని అవ్వ చెబితే అక్కడే పాతాను. మారిపోకుండా ప్రతి బట్ట మూలకూ ఎర్ర దారంతో నంబరు కుట్టాను.

మూడు బట్టలూ అనుకున్నట్టే వచ్చాయి. నాలుగోది అలా రాలేదు.

బట్ట మధ్యకు కాస్త పక్కగా ఒక గుండ్రటి గీత. ఒకవైపు గుండ్రం తప్పి చదునుగా ఉంది. దాని మీదికి ఒక మూల ఎక్కినట్టు ఒక చతురస్రం. ఎక్కడా రెండోసారి పడలేదు. బట్టను మడవకుండా పరిచి గీసినట్టు ఒక్కటే బొమ్మ. నంబరు చూశాను, నాదే. గుంటను ఎవరూ కదిలించలేదు, పైన గడ్డి కూడా మొలిచింది.

అవ్వ పక్కన కూర్చుని చూసింది. కాసేపటికి చదునుగా ఉన్నచోట వేలు పెట్టింది. “గిది మోట బాయి,” అన్నది. “ఎడ్లు మోట గుంజే రాళ్లు గీడ ఉండె. చిన్నప్పుడు నాట్లకొచ్చి గిదే బాయిల నీళ్లు తాగినం.”

ఆ భూమి ఫామ్‌హౌస్ కాకముందు వరి పొలం. అవ్వ అదే పొలంలో కూలికి వచ్చేది. అమ్మకం జరిగాక బావిని పూడ్చి అంతా చదును చేశారు. బావి ఎక్కడ ఉండేదో తనకూ ఆనవాలు దొరకలేదని, లాన్ కింద ఉంటుందనుకున్నానని చెప్పింది.

చతురస్రం ఏమిటో ఆమెకు తెలియలేదు. నాకు తెలిసింది. దాని ఇంకో మూల చిన్నగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. తాత వాళ్ల గదికి బాత్రూమ్ సరిగ్గా అలాగే ఉంటుంది. టేపు తెచ్చి గదినీ బట్టనూ కొలిచాను. పొడవు వెడల్పుల లెక్క కలిసింది. బావి ఉన్నప్పుడు ఆ గది లేదు. గది కట్టేనాటికి బావి లేదు. రెండూ ఒకే బట్ట మీద ఉన్నాయి.

ఓనర్‌కు ఫోన్ చేస్తే నవ్వి, బావిని ఎప్పుడో గట్టిగా పూడ్పించామని చెప్పాడు. మా కాలేజీ సార్ ఫోటో చూసి నేల కింద తడి ఉండి ఉంటుందన్నారు. నేనూ అదే నమ్మాలనుకున్నాను. అవ్వ మాత్రం తాత మంచాన్ని మోటారు షెడ్డులోకి మార్పించింది. తాత రాత్రంతా కాపలా కాసి, పొద్దున ఎనిమిదింటికి పడుకుంటాడు.

నా అనుమానం తీరడానికి అదే చోట ఇంకో బట్ట పాతాను. ఈసారి ఎనిమిది పొరలుగా మడిచాను.

మళ్లీ ఇరవై ఒక్క రోజులకు వెళ్లాను. మూడు రోజులుగా ముసురు. షెడ్డు కారుతోందని తాత మంచాన్ని మళ్లీ గదిలో పాత చోటికే తెచ్చుకున్నాడట. “ఆ పిల్ల బట్ట మీద మరక పడితే నేను వానల నానాల్నా” అని గొణిగాడని అవ్వ చెప్పింది. నేను వెళ్లేసరికి పదకొండు దాటింది. తాత మంచి నిద్రలో ఉన్నాడు.

తవ్వి, అవ్వ ముందే విప్పాను. అదే గుండ్రం, అదే గది. గది మూల బావి మీదికి వచ్చినచోట బట్ట లేదు. అరచేతంత చిల్లు. ఎనిమిది పొరల్లో ఒక పొర చీకిపోతే పక్క పొరలూ చీకిపోవాలి. అంతటా వెతికాను, ఒక్కటే చిల్లు. అందులోంచి నా చెయ్యి ఇటునుంచి అటు వెళ్లింది.

అవ్వ నా చేతినే చూస్తోంది. “ఆడ్నే మంచం ఉన్నది,” అని నెమ్మదిగా అన్నది. చేతిలో బుట్ట కింద పెట్టి గదిలోకి పోయింది.

తాత లేవనన్నాడు. ఆమె దుప్పటి లాగేసింది, చెయ్యి పట్టి ఈడ్చింది. ఆయన తిట్టుకుంటూ వచ్చి ఓనర్ బంగ్లా వరండాలో మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నాకు తల తీసేసినట్టయింది. పెద్దాయన నిద్ర చెడగొట్టాను, క్షమించమని అడిగి బస్సెక్కుదామనుకున్నాను. కానీ ముసురు తగ్గాక పొమ్మని అవ్వ నన్ను తన పక్కన కూర్చోబెట్టింది.

పావుగంట గడిచిందేమో. లారీలోంచి బియ్యం బస్తాలు దించినట్టు ఒక చప్పుడు. పెద్దదేం కాదు, పక్క ఫామ్‌హౌస్‌లో అనుకున్నాను. అవ్వ లేచి వెళ్లి గది తలుపు తోసింది. రాలేదు, చౌకట్టు వంకరపోయింది. నేను కిటికీలోంచి చూశాను. ఒక మూల నేల లేదు. టైల్స్ అంచు గాలిలో వేలాడుతోంది. కింద ఎక్కడో నీళ్లు కదులుతున్నాయి. మంచం కనిపించలేదు.

తాత కూడా వచ్చి చూశాడు. వెళ్లి కుళాయి కింద ముఖం కడుక్కున్నాడు, చాలాసేపు.

ఆ తర్వాత ఓనర్ గుంటను కాంక్రీటుతో పూడ్పించి, అవతలి వైపు వాళ్లకు కొత్త గది కట్టించాడు. వానకు పాత పూడిక దిగిపోయిందన్నారు. అది నిజమే అయి ఉంటుంది, గది కుంగడంలో వింత లేదు. నేను ముడిమ్యాలలో, ఆలూరులో ఇంకో ఆరు బట్టలు ఎనిమిదేసి పొరలుగా పాతి చూశాను. ప్రతిదాంట్లో మరకలు అన్ని పొరల మీదా పడ్డాయి. ప్రాజెక్టులో అవే పెట్టాను. అజీజ్‌నగర్‌వి రెండూ పెట్టలేదు. ఏ పద్ధతిలో చేశావని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

దసరాకు ముందు తాత దుకాణానికి వచ్చాడు. బాపు చేత మీటరు కోరా బట్ట కోయించి, నా దగ్గరికి తెచ్చాడు.

“కొత్త రూమ్ కాడ గిది పాతు బిడ్డా. జర చూసి చెప్పు. నాకు కన్ను మూత పడ్తలేదు.”

నాకేమీ తెలియదని, అది నేను చేసింది కాదని చెప్పాను. ఆయన బట్టను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇప్పటికీ పగలు ఆరుబయటే పడుకుంటాడని అవ్వ అంటుంది.

ఆ రోజు తాత బట్ట ఎందుకు తీసుకోలేదంటే చెప్పగలను, భయపడ్డాను. ఆ రెండు బట్టల మీదికి ఆ బావి ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలియదు.