ఐసులో పెట్టిన కంప్యూటర్

పాడవకూడదనుకున్న వస్తువును మీరైతే ఎలా కాపాడుకుంటారు? కైకలూరులో పుట్టి పెరిగిన మా నాన్నగారి దగ్గర దీనికి ఒక్కటే జవాబు ఉండేది: ఐసులో పెట్టాలి. నిన్న చేపల దుకాణంలో ఐసు దంచుతున్న చప్పుడు విని, చేతిలో సంచితో అక్కడే నిలబడిపోయాను.

రెండువేల ఐదో, ఆరో సంవత్సరం. ఏలూరు కాలేజీలో వాదోపవాదాల పోటీలలో ఎదుటి పక్షాన్ని ప్రశ్నలతో నిలదీసిన నన్ను, వీడియో గేములు తయారుచేస్తానని చెప్పిన రోజున, అదీ ఒక పనేనా అని ఇంట్లోవాళ్లు నిలదీశారు. నేర్పేవారు లేరు, పుస్తకం దొరకదు. ఉన్నదల్లా మేనమామ వాడి వదిలేసిన పాత కంప్యూటర్. దాని మీదే, కొల్లేటి గూడబాతు పక్షి ఒకటి వలలు తప్పించుకుంటూ గూటికి చేరే ఆటను ఏడాదిపాటు తయారుచేసుకుంటూ వచ్చాను. ఇంతలో హైదరాబాదు కంపెనీ ఒకటి, సొంతంగా చేసిన ఆట పంపినవారికి ఉద్యోగమిస్తామని ప్రకటించింది. వారం గడువు. అది తప్పితే తాడేపల్లిగూడెంలో పిన్ని చూసిపెట్టిన టీచరు ఉద్యోగంలో చేరతానని అమ్మకు మాటిచ్చాను.

మే నెల ఎండలకు కంప్యూటర్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతుంటే, ఇది చచ్చిపోతుందని నేను ఏడవడం నాన్నగారు విన్నారు. ముప్పై ఏళ్లుగా చేపలు ప్యాకింగు చేసిన మనిషి. నేను ఊళ్లో లేని పూట, థర్మోకోల్ పెట్టెలో కింద ఒక వరుస ఐసు, మధ్యన గోనెపట్టా చుట్టిన కంప్యూటర్, పైన మరో వరుస ఐసు, ఎగుమతి సరుకంత శ్రద్ధగా సర్ది మూత వేశారు. నేను వచ్చేసరికి పెట్టె అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"చల్లగా ఉందమ్మా, చెయ్యి పెట్టి చూడు," అన్నారు నవ్వుతూ.

మూత తీసి చూస్తే, కరిగిన ఐసు నీళ్లు కంప్యూటర్ లోపలికంతా చేరి ఉన్నాయి. ఆట పోయింది. ఫ్లాపీలో పట్టనంత పెద్దదయిందని వేరే కాపీ ఉంచుకోలేదు. కరెంటు కోతల వేళల్లో ఆటను నడిపించే కోడంతా ముందు కాగితం మీద రాసుకునే అలవాటు వల్ల నాలుగు నోటుపుస్తకాలు మాత్రం మిగిలాయి. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎవరి ఆటకో పేరు మార్చి పంపెయ్యమని స్నేహితురాలు చెప్పింది. అంత దిక్కుతోచని స్థితిలోనూ మనసొప్పలేదు.

మూడో నాటి ఉదయం నాన్నగారు ఆ పుస్తకాలు సంచిలో పెట్టుకుని నా ఎదుట నిలబడ్డారు.

"లేమ్మా, బస్సు టైమైంది. నేను చదువుతాను, నువ్వు కొట్టు."

ఏలూరు నెట్ సెంటర్లో, ఐదో తరగతి ఇంగ్లీషుతో, నాలుగు రోజులపాటు ఆయన ఒక్కొక్క అక్షరమే చదివారు. కోడులో వరుసల చివర వచ్చే సెమికోలన్ గుర్తు పేరు తెలియక చుక్క, దానికింద తోక అనేవారు; నేను తొందరపడితే, "తోక పెట్టావా అమ్మా?" అని ఆపేవారు.

"ఏవండీ, పొద్దుటినుంచీ ఆ జపం ఏంటండీ?" అన్నాడు సెంటర్ యజమాని.

"మా అమ్మాయి గూడబాతండీ. ఇంకా ఎగరాలి."

గీసిన బొమ్మలన్నీ పోవడంతో, గడువు చివరి సాయంత్రం గూడబాతుకు బదులు ఒక తెల్లని చదరం మాత్రమే వలల మధ్య ఎగిరింది. దాన్నే పంపాను. నెల తిరక్కముందే ఉద్యోగానికి పిలుపు వచ్చింది.

ఇప్పుడు ఏ పనికైనా పాఠాలు ఫోనులోనే దొరుకుతాయి, పోయిన ఫైలు క్షణంలో తిరిగొస్తుంది. పక్కన కూర్చుని తోకలు లెక్కచూసిన నాన్నగారు మాత్రం లేరు. ఆయన చేత ఆ ఆట ఒక్కసారి ఆడించాలని నాకు ఏనాడూ తోచలేదు. కనుక మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. మీ ఇంట్లో పిల్లలెవరైనా తెర మీద ఏదో తయారుచేసుకుంటూ కనిపిస్తే, అదీ ఒక పనేనా అని అడగకండి. ఈ సాయంత్రమే కుర్చీ లాక్కుని పక్కన కూర్చోండి, ఏం చదివిపెట్టమంటావని అడగండి.