శాలువా ఎందుకు గుంజానంటే

రాయచూరులో ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది: తనకు సన్మానం చేయలేదన్న కుళ్ళుతో ఆసుపత్రి సిస్టరమ్మ స్టేజీ ఎక్కి, కిడ్నీ పేషెంటు భుజాల మీది శాలువా గుంజేసింది. గుంజిన మాట నిజం. కుళ్ళు మాట అబద్ధం. ఆ దండల వాసనకే నాకు తుమ్ములొస్తాయి, సన్మానం నాకెందుకు?

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవిలో, ఊళ్ళోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా వేశారు. హోదా హెడ్ నర్సుతో సమానం. పని మాత్రం చేతులు కడుక్కోండని డాక్టర్లకు చెప్పడం, వాళ్ళతో మాటలు పడడం.

ఆ వేసవిలోనే దేవదుర్గ దగ్గరి హనుమంతు వచ్చాడు. గల్ఫ్‌లో బిల్డింగు పనిచేస్తూ తొడ ఎముక విరగ్గొట్టుకుని, అక్కడొక ఆసుపత్రి, హైదరాబాదులో ఇంకొకటి చూసి మా దగ్గర చేరాడు. అలా బయటి ఆసుపత్రుల్లో ఉండి వచ్చినవాళ్ళను ముందు విడిగా గదిలో పెట్టి, పుండు నుంచి నమూనా తీసి ల్యాబుకు పంపడం పద్ధతి. అతని నమూనాలో క్లెబ్సియెల్లా అనే క్రిమి పెరిగింది. రిపోర్టులో మందు పేరు ఎదురుగా ఎస్ అని ఉంటే ఆ మందుకు క్రిమి చస్తుంది, ఆర్ అని ఉంటే చావదు. అతని రిపోర్టు నిండా ఆర్‌లే. ఇంకేదీ పనిచేయనప్పుడు వాడదామని దాచుకునే మందుల ఎదుట కూడా.

క్రిమి గల్ఫ్‌దని హైదరాబాదు వాళ్ళు, కాదు హైదరాబాదుదేనని మావాళ్ళు. దాన్ని రాయచూరు దాటనివ్వకుండా ఆపడం ఎట్లా అన్న ఆలోచన మాత్రం ఎవరికీ లేదు.

ఎట్లాగో హనుమంతుకు జ్వరం తగ్గింది. జబ్బు తగ్గడం వేరు, క్రిమి పోవడం వేరు. మనిషిని ఏమీ చేయకుండానే అది నెలల తరబడి ఒంట్లో కాపురం ఉండగలదు. ఈ ముక్క మా మేనేజరు వీరేశప్పకు ఎంత చెప్పినా ఎక్కలేదు. దుబాయి క్రిమిని గెలిచిన వీరుడని, డిశ్చార్జి రోజున హనుమంతును చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సన్మానం చేశాడు.

మా ఆసుపత్రికి ఉన్నది ఒకటే శాలువా, జరీ అంచుది. కప్పడం, ఫొటో తీయడం, మళ్ళీ మడిచి బీరువాలో పెట్టడం. కప్పించుకున్నవాళ్ళే మర్యాదగా తీసి కుర్చీ మీద పెట్టి దిగాలని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ రోజు అది హనుమంతు ఒళ్ళోకి జారి, తడిసిన కట్టుకు తగిలింది. అంచుకు అయోడిన్ మరక పడింది. నేను దాని నమూనా తీసి ల్యాబుకిచ్చి, శాలువాను కాల్చేయడానికి పంపే పసుపు సంచిలో వేశాను. మూడో రోజు రిపోర్టు వచ్చింది: అదే క్రిమి. పోనీలే, సంచిలో పడింది కదా అనుకున్నాను.

ఆ సాయంత్రమే డయాలసిస్ విభాగం వార్షికోత్సవం. అందరికన్నా పాత పేషెంటు, గాజుల దుకాణం సావిత్రక్కకు సన్మానం. చేతి నరం పాడైతే, ఆమెకు మెడ దగ్గర పెద్ద నరంలోకి గొట్టం వేసి రక్తం శుద్ధి చేస్తున్నారు. శాలువా అంచు పడేది సరిగ్గా అక్కడే. అక్కడ ఈ క్రిమి సోకితే నేరుగా రక్తంలోకి పోతుంది, ఇవ్వడానికి మందు ఉండదు. వీరేశప్ప శాలువా విప్పాడు. అంచున గోధుమరంగు మరక.

నేను స్టేజీ ఎక్కేలోపల కప్పేశాడు. చేతికి గ్లవ్స్ లేవు. ముఖ్య అతిథి చేతిలోని పూలగుత్తికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం చింపి, చేతికి చుట్టుకుని గుంజాను.

సావిత్రక్క నన్ను కిందికీ మీదికీ చూసి, "ఏందమ్మా, మీరే కప్పి మీరే గుంజుకుంటరా? ఫొటో అన్న తియ్యనియ్యరాదూ" అంది. జనం గొల్లున నవ్వారు.

సంచిలోనిది ఎందుకు తీశావని వీరేశప్పను అడిగాను. "జరీ శాలువా గద మేడమ్, కాలుస్తరా? రెండు దినాలు ఎండల ఆరేసినం. రాయచూరు ఎండకు మనుషులే బతుకరు, క్రిమి బతుకుతదా? నలుగుట్ల ఇజ్జత్ తీస్తిరి" అన్నాడు.

నేను శాలువాను స్టేజీ మూలన పడేసి, సావిత్రక్క మెడ శుభ్రం చేసి కట్టు మార్చేలోపల, పోయిన ఇజ్జత్ నిలబెట్టుకోవడానికి అతను అదే శాలువా తీసి ముఖ్య అతిథికి కప్పాడు. ఆయన హైదరాబాదులో సొంత ఆసుపత్రి ఉన్న సర్జను. తీసి కుర్చీ మీద పెట్టాలన్న మా ఊరి మర్యాద ఆయనకేం తెలుసు? నేను తలెత్తేసరికి శాలువాతో సహా కారెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఫోన్ చేశాను. ఎత్తింది ఆయన పీఏ. సారుది మంచి మనసనీ, వచ్చిన శాలువాలన్నీ తమ ఆసుపత్రిలోనే బీద పేషెంట్లకు కప్పుతారనీ, నిన్నటిది కూడా పొద్దున రౌండ్లలోనే ఎవరికో కప్పారనీ సంతోషంగా చెప్పాడు. క్రిమి సంగతి చెప్పాను. సారుకు చెబుతానన్నాడు. తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

సావిత్రక్కకు వారాల పాటు పరీక్షలు చేయించాను, ఏమీ సోకలేదు. నాతో మాత్రం మాటలు మానేసింది. నేను నేర్చుకున్నది, ఉద్యోగం వదిలేదాకా కొత్త నర్సులకు నేర్పింది ఇదే: గుడ్డను పసుపు సంచిలో వేసి వెళ్ళిపోకండి, సంచి బండెక్కేదాకా పక్కనే నిలబడండి.

ఆ పొద్దున రౌండ్లలో సర్జనుగారు శాలువా కప్పింది ఏ వార్డులో, ఎవరికి?