యాడీ అంటే ఊరు కాదు

ధర్మవరం జంక్షన్‌లో పాప తప్పిపోయిన సంగతి నాకు మొదట చెప్పింది పోర్టరు ఖాజా. తొంభైల నడుమ నేనక్కడ ఎంక్వైరీ క్లర్కును. రైళ్ల రాకపోకలు మైకులో చెప్పడం, అడిగినవారికి జవాబివ్వడం నా పని.

"మేడమ్, లంబాడీ పాప ఒంటిగా ఏడుస్తాంది. ఊరు యాడమ్మా అంటే యాడీ, యాడీ అంటాంది. యాడికే అయ్యుండల్ల," అన్నాడు. యాడికి మా జిల్లాలోనే, తాడిపత్రి వైపున్న ఊరు.

స్టేషన్ మాస్టరుగారు నవ్వారు. "ఏమప్పా ఖాజా, యాడికి పోవల్లని ఆ పాపే మనల్ని అడుగుతాందేమో!"

తప్పిపోయిన పిల్లల్ని రైల్వే పోలీసులకు అప్పగించాలన్నది నియమం. వాళ్లు కానిస్టేబుల్‌ను తోడిచ్చి పాపను తాడిపత్రి బస్సెక్కించబోతున్నారు. నాలుగేళ్ల పిల్ల. అటు వెళ్లిపోతే తల్లి ఎక్కడని వెతుకుతుంది?

"అది ఊరు కాదు సార్. లంబాడీలో యాడీ అంటే అమ్మ," అన్నాను.

తల్లి అంతకుముందు వెళ్లిన హిందూపురం ప్యాసింజరులో ఉండవచ్చని మాస్టరుగారు రైల్వే ఫోనులో పెనుకొండ స్టేషన్‌ను అడిగారు. అవతలి మనిషి గొంతు నాకూ వినబడింది. "ఒగామె దిగి గుండెలు బాదుకుంటాంది సార్. చోరీ, చోరీ అంటాంది. ఏం పోయిందో చెప్పదు. మావోళ్లు దొంగ కోసరం స్టేషనంతా గాలిస్తాండారు!"

నేను ఫోను అందుకుని, ఆమె అంటున్నది చోరీ కాదు, ఛోరీ అని, అంటే ఆడపిల్ల అని చెప్పాను. అవతల నుంచి, "అయ్యో నా తల్లీ, పోయింది పాపనా!"

తర్వాతి రైల్లో ఆమెను పంపారు. ఆమె దిగీ దిగగానే పాప "యాడీ!" అని ఒక్క కేక పెట్టి పరుగెత్తింది.

"ఊరే నడిచొచ్చె మేడమ్!" అన్నాడు ఖాజా.

లంబాడీల భాష రాజస్థాన్ వైపు నుంచి వచ్చిందంటారు. ఛోరీకి హిందీలో చుట్టాలున్నాయి. యాడీకి మూలమేదో మాత్రం ఎందరిని అడిగినా నాకు తేలలేదు. ఎదుటివారి మాట మనకు బాగా తెలిసిన మాటలా వినిపించినప్పుడే ఇంకోసారి అడగాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను.

చిన్నప్పుడు ఉబ్బసం వల్ల బడికి పోలేక పెనుకొండలో ఇంట్లోనే నాయన దగ్గర చదువుకున్నాను. సీతాఫలాల గంపతో, పిల్లలతో లంబాడీ సాలీబాయి మా వాకిటికి వచ్చేది. పిల్లలు యాడీ అంటుంటే అదే ఆమె పేరనుకుని నేనూ అలాగే పిలిచేదాన్ని. అది అమ్మ అనే మాటనీ, ఆమె కూతుర్ని పిలిచే ఛోరీ అంటే ఆడపిల్ల అనీ చాన్నాళ్లకు నాయన చెప్పాడు. దేవుడు ఆ మాటను నా చెవిన ఎందుకు వేశాడో ధర్మవరంలో తెలిసింది. అమ్మా అంటున్నానని తెలియకుండానే నేను పిలిచిన ప్రతిసారీ "ఏందమ్మీ" అని పలికిన సాలీబాయిని, ఇది చదివినవారు ఒక్కసారి తలచుకోండి.