ఒక్క గీత కూడా

లెక్క చూడనిదే నేను ఏ మాటా చెప్పను. అందుకే చేవెళ్లలోని మా ఇంటి వరండాలో అన్న మోటార్ సైకిల్‌ను నేను విప్పినప్పుడు ప్రతి భాగానికీ అంకె వేసిన చీటీ కట్టి, నోటుపుస్తకంలో తేదీతో సహా రాసుకున్నాను. మొత్తం రెండువందల పద్నాలుగు భాగాలు.

అన్న షాబాద్‌లో ఉంటాడు. ఆయనకు చూపు పూర్తిగా పోయింది. "నడపలేను గని తమ్మీ, దాని సప్పుడన్న ఇనబుద్ధయితున్నది" అని బండిని నాకు అప్పగించాడు. రిజిస్ట్రేషన్ గడువు ముగిసేలోగా దాన్ని ఆర్టీఓ ఆఫీసులో నంబర్లు సరిచూసే తనిఖీకి తీసుకుపోవాలి.

నట్లను కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దాను. ట్యాంకును తడి ఎమరీ కాగితంతో నాలుగు దఫాలు అరగదీశాను. తుప్పు కింద ఛాసిస్ నంబరు తేలగానే దానిపై కాగితం పరచి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాను. ఇంజిన్ నంబరు మాత్రం గట్టిపడిన నూనె కింద ఉండిపోయింది. పాలిష్ అయ్యాక ఆ అచ్చు స్పష్టంగా వస్తుందని ఆగాను.

ఇంజిన్ కేసింగును మొయినాబాద్‌లో పాలిష్ పట్టే మనిషికి ఇచ్చాను. అతను దానిపై బొటనవేలు పోనిచ్చి, "గీతలు మస్తుగున్నయి సార్" అన్నాడు.

"ఒక్క గీత కూడా కనబడకూడదు" అన్నాను.

ఆరో రోజు వెళ్లి కేసింగు చేతికి తీసుకున్నాను. నంబరు ఉండవలసిన చోట, అద్దంలో లాగా, నా కళ్లద్దాలు కనిపించాయి.

"ఇక్కడ అంకెలుండాలి కదా?"

"ఎగుడుదిగుడుంటే రుద్దేసిన సార్. మీరే గద ఒక్క గీత కూడ ఉండొద్దన్నరు? ఫికర్ జెయ్యకుండ్రి, కొత్త నంబరు కొట్టిస్త."

"కొట్టిస్తే అది దొంగబండి కింద లెక్క."

బల్ల మీద అలాంటివే మరో రెండు కేసింగులు ఉన్నాయి. నంబరు వేయని విడిభాగాలట. అవీ అంతే నునుపు. నేను కట్టిన చీటీ ఎప్పుడో ఊడి, నేల మీద పడి ఉంది.

"ఇది మాదేనని ఎట్లా చెప్తావు?"

"నాకు యాదికున్నది సార్."

మరొకరి యాదిని నేనెన్నడూ రుజువుగా తీసుకోలేదు. అయినా ఆ కేసింగునే ఇంటికి తెచ్చి బిగించాను. తనిఖీకి తీసుకుపోయే ధైర్యం మాత్రం రాలేదు.

గడువుకు రెండు రోజుల ముందు అన్న వచ్చాడు. బండి పక్కన కూర్చొని ఇంజిన్‌ను తడిమాడు.

"ఈడ రాయి తాకి సొట్ట వడ్డది తమ్మీ. ఏది?"

"పాలిష్‌లో పోయిందన్నా."

"గింత నున్నగుంటదా నా బండి? జర నంబరు సదువు."

నోటుపుస్తకం తెరిచాను. రిజిస్ట్రేషన్ కాగితం నుంచి ఎక్కించుకున్న ఇంజిన్ నంబరును, లోహం మీదే చూస్తున్నట్టు వంగి, ఒక్కొక్క అంకెగా చదివాను. పేజీ చప్పుడు కాకుండా వేలితో అదిమిపట్టాను.

తర్వాత కిక్ కొట్టాను. ఇంజిన్ అందుకుంది. అన్న తల పక్కకు వంచి చాలాసేపు విన్నాడు.

"సప్పుడు జర వేరే ఉన్నట్టున్నది" అన్నాడు. "అయినా, నువ్వు అంకె సదివినవంటే నాదే అయ్యుంటది."