ఎడమ సగం

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసే ఆ అమ్మాయికి, ఏదీ తేల్చుకోలేని మనుషులంటే మహా వినోదం. ముందు గదిలోంచి డాక్టరమ్మ గొంతు తెర దాటి వస్తూ ఉంటుంది.

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"రెండూ ఒకేలా ఉన్నాయండీ."

"మళ్ళీ చూడండి. ఇదా, అదా?"

అలా పావుగంట. వెనక గదిలో అమ్మాయి చక్రం మీద అద్దం ఆనించి, నీళ్ళ చప్పుడులో తన నవ్వు కలిపేసేది. అలాంటిది, వారం రోజులుగా తనే అలా తయారైంది. మధ్యాహ్నం భోజనం నాలుగు ముద్దల్లో ముగించి, వీధి చివర ఉన్న ఆటసామాన్ల కొట్టుకు పరిగెత్తడం, అక్కడున్న అయిదు కంట్రోలర్లనీ ఒకదాని తర్వాత ఒకటి చేతిలోకి తీసుకోవడం, ఏదీ కాదని పెట్టేసి రావడం.

నెల రోజుల్లో ఊళ్ళో పోటీ ఉంది. బాస్కెట్‌బాల్ ఆడే పెద్ద హాల్లో తెరలు కట్టి పెడతారట. ఆడబోయేది పాత వీడియో ఆటే, కొత్త బొమ్మలతో మళ్ళీ తెచ్చారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆట. అందులో ఒక గొడుగుపిల్ల ఉంటుంది. మూసిన గొడుగుతో కొడుతుంది, విప్పిన గొడుగుతో దెబ్బ కాచుకుంటుంది. ఆ గొడుగుపిల్లను మళ్ళీ చూసిన రోజే అమ్మాయి పేరు నమోదు చేసుకుంది. షరతులు ఒకటికి రెండుసార్లు చదువుకుంది కూడా. కంట్రోలర్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. తీగ ఉన్నదే వాడాలి. బొమ్మను నడిపించే స్టిక్, వేలు పెట్టకుండా దానంతటది పక్కకి జారకూడదు. ఒక కంట్రోలర్‌కి ఒక్క మనిషి.

ఆ ఆఖరి షరతు దగ్గర చూపు కాసేపు ఆగిపోయింది. ఎందుకంటే తనెప్పుడూ ఒక్క మనిషిగా ఆడలేదు.

ఆ సంగతి ఇరవై ఏళ్ళ నాటిది. తనకి ఏడేళ్ళు, అక్కకి పది. ఎవరో వాడి వదిలేసిన ఆట పెట్టెను అమ్మ ఇంటికి తెచ్చింది. కంట్రోలర్ ఒక్కటే ఉంది. "కొట్టుకోకుండా చెరి సగం ఆడుకోండి" అని చెప్పి అమ్మ పనికి వెళ్ళిపోయింది. చెరో అరగంట అని ఆవిడ ఉద్దేశం. వీళ్ళు కంట్రోలర్‌నే చెరి సగం చేసుకున్నారు. ఒకే పీట మీద ఒరుసుకుని కూర్చుని, అక్క ఎడమ చేత్తో ఎడమ వైపు పట్టుకుంది, చెల్లి కుడి చేత్తో కుడి వైపు పట్టుకుంది. గొడుగుపిల్లను నడిపించేది అక్క, గొడుగుతో కొట్టించేది చెల్లి. అమ్మకి సంగతి తెలిసేసరికి నాలుగు రోజులైంది. అప్పటికే ఇద్దరూ కలిసి పెట్టెలోని ఆటగాళ్ళందర్నీ చితక్కొట్టేస్తున్నారు. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని నవ్వి ఊరుకుంది గానీ, రెండోది కొనలేదు. వీళ్ళూ అడగలేదు.

అక్క "ఏమే కుడీ" అని పిలిచేది. తను "ఏమే ఎడమా" అనేది. పక్కింటి పిల్లలు తమ కంట్రోలర్ తెచ్చుకుని ఆడి ఓడిపోయి, "ఇద్దరు కలిసి ఒకణ్ణి కొడితే గొప్పేంటి" అని ఏడ్చేవాళ్ళు. "ఇద్దరం ఎక్కడ? చెరి సగమేగా" అనేది అక్క.

పన్నెండేళ్ళు అలాగే ఆడారు. తర్వాత చదువులు, పరీక్షలు. ఆరేళ్ళ కింద పిల్లల ఆసుపత్రిలో నర్సుగా ఉద్యోగం వచ్చి అక్క రైల్లో ఒక పగలంతా పట్టే ఊరికి వెళ్ళిపోయింది. కంట్రోలర్ బీరువా అడుగు అరలోకి వెళ్ళింది.

పేరు నమోదు చేసుకున్న సాయంత్రమే అక్కకి ఫోన్ చేసింది.

"ఇంకా ఆడుతున్నావుటే?" అంది అక్క. వెనక ఎవరో పిల్ల మందు తాగనని గోల పెడుతోంది.

"ఆడట్లేదు. ఆడదామని. పై నెల ఆదివారం ఇక్కడ పోటీ ఉంది. నువ్వు వస్తావా చూడ్డానికి?"

"ఆదివారమా? ఆదివారం నాకు డ్యూటీ ఉంటుందే."

"పోనీలే." అమ్మాయి ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది. "అక్కా, గొడుగుపిల్ల వెనక్కి వెళ్తున్నట్టు వెళ్ళి చటుక్కున ముందుకొచ్చేది కదా. వేలు ఎలా తిప్పేదానివి?"

అక్క కాసేపు ఆలోచించింది. "ఏమోనే. అలా పోయేది అంతే. సరే, ఉంటాను, ఈ మహారాణి మందంతా ఉమ్మేస్తోంది."

అడిగింది ఇవ్వకపోతే కోపం వస్తుంది. అడిగింది అవతలి వాళ్ళకి గుర్తే లేకపోతే ఏం రావాలో అమ్మాయికి తెలియలేదు. కిటికీ మూసి, మళ్ళీ తెరిచి, పడుకుంది.

ఆ మర్నాటి నుంచే కొట్టు చుట్టూ ప్రదక్షిణలు మొదలయ్యాయి. కొట్టాయన ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయి టేప్‌రికార్డర్లు, అవీ పోయి ఇప్పుడు ఇవి. వీధిలో అందరికీ బాబాయే. పరీక్షించి చూసుకోవడానికి బల్ల మీద ఒక చిన్న తెర పెట్టి ఉంచాడు.

"ఇది బరువు తక్కువ. ఎంతసేపు పట్టుకున్నా మణికట్టు నొప్పెయ్యదు."

"ఎడమ పక్క బాలేదు బాబాయ్."

"ఇందులో బటన్ ఇలా తగిలిస్తే చాలు, పలుకుతుంది."

"కుడి పక్క బాగుంది. ఎడమ పక్కే..."

"ఇది చూడు. స్టిక్ కింద అయస్కాంతం ఉంటుంది. అరగదు, జారదు, నీ మనవలు కూడా ఆడుకోవచ్చు."

"ఎడమ పక్క..."

అయిదో రోజు బాబాయి కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. ఆ జోడు అద్దాలు అరగదీసింది తనే.

"అమ్మాయ్, ఆడలేక మద్దెల ఓడంటే ఏమిటో అనుకున్నాను. ఇవాళ కళ్ళారా చూశాను. నీ కుడి చెయ్యి మెరుపులా ఆడుతోంది. ఎడమ చెయ్యి పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంది. ఏం, దెబ్బ తగిలిందా?"

అమ్మాయి చేతిలోది బల్ల మీద పెట్టింది. చివరికి చెప్పక తప్పలేదు. పీట, చెరి సగం, అక్క, అన్నీ చెప్పింది. బాబాయి మొదట పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి అడిగాడు.

"మరి ఆడుతున్నంతసేపూ ఈ ఎడమ చెయ్యి ఏం చేసేది?"

అమ్మాయి ఆలోచించాల్సిన పని లేకపోయింది. పీట ఇరుకు. పడిపోకుండా ఎడమ చేత్తో అక్క నడుం చుట్టూ పట్టుకునేది. గౌను కుట్టు దగ్గర గుడ్డ పిడికిట్లో ఉండేది. ఆట గట్టిగా సాగుతుంటే ఆ పిడికిలి బిగిసేది. పన్నెండేళ్ళలో ఆ చెయ్యి నేర్చుకున్నది అదొక్కటే.

"ఏం చెయ్యలేదు" అంది.

ఆ శుక్రవారం పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు కళ్ళజోడుకి వచ్చారు. డాక్టరమ్మ ఇరవై ఫ్రేములు బల్ల మీద పరిచింది. ఆయన ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. తన పాత ఫ్రేమే తీసి ముందుకు జరిపారు. ఎడమ కాడ వంగిపోయి ఉంది, ముక్కు దగ్గర రంగు వెలిసిపోయింది.

"దీనికే కొత్త అద్దాలు వెయ్యండి."

"ఎందుకండీ మాస్టారూ, వంకరగా ఉంది కదా."

"నా ముక్కూ వంకరే. పదిహేనేళ్ళు కలిసి కాపురం చేసి ఒకదానికొకటి సర్దుకున్నాయి. ఇప్పుడు మళ్ళీ కొత్తదానికి ఎక్కడ నచ్చచెబుతాను?"

ఇలాంటి వాళ్ళు నెలకి నలుగురైదుగురు వస్తారు. పాత ఫ్రేముకి కొలత తీసి కొత్త అద్దం అరగదీయడం తనకి చేతికి వచ్చిన విద్య. ఆ రోజు మాత్రం చక్రం మీద అద్దం ఆనించి, మధ్యలో ఆగిపోయింది. అద్దం అరిగే చప్పుడు ఆగిపోయేసరికి డాక్టరమ్మ తెర తొలగించి చూసింది. "ఏమ్మా, నిద్రపోతున్నావా?"

"లేదండీ. ఇప్పుడే లేచాను" అంది అమ్మాయి.

మర్నాడు పాత కంట్రోలర్‌ని తువ్వాల్లో చుట్టి కొట్టుకు తీసుకెళ్ళింది. బాబాయి తెరకు తగిలించాడు. ఎవరూ ముట్టుకోకుండానే గొడుగుపిల్ల నెమ్మదిగా ఎడమ పక్కకి నడవడం మొదలుపెట్టింది. గోడ తగిలేదాకా వెళ్ళి, గోడకి ఆనుకుని, ఇంకా నడుస్తూనే ఉంది.

"స్టిక్ జారిపోయింది" అన్నాడు బాబాయి. "ఎన్నాళ్ళో ఒకే పక్కకి లాగిన చెయ్యి. దీన్ని పోటీ గుమ్మం కూడా తొక్కనివ్వరు."

"ఇది వద్దు. దీని టోపీ కావాలి."

స్టిక్ మీద వేలు ఆనే రబ్బరు టోపీ అది. అక్క బొటనవేలు రుద్ది రుద్ది ఒక పక్క సన్నగా లోతు పడింది. కొత్త స్టిక్ మీద ఈ టోపీ పెడితే తన వేలికి దారి తెలుస్తుందేమోనని ఆశ. బాబాయి ఆ గుంటలో తన వేలు పెట్టి చూసుకుని, టోపీ లాగి బల్ల మీద పెట్టాడు. అయిదు కంట్రోలర్ల స్టిక్కులకీ తొడిగి చూశారు. నాలుగింటికి వదులో బిగువో అయింది. ఒక్కదానికి సరిగ్గా కూర్చుంది. అన్నిటికంటే బరువైనది, బటన్లు గట్టిగా ఉన్నది, అందరూ ఎత్తి చూసి పెట్టేసేది.

"టోపీ పట్టిందని కంట్రోలర్ కొంటావా?" అన్నాడు బాబాయి. "గుండీ దొరికిందని చొక్కా కుట్టించుకున్నట్టుంది."

"మంచి గుండీ బాబాయ్."

కొత్తదాని టోపీ పాతదానికి పెట్టి రెండూ ఒకే సంచిలో వేసి ఇచ్చాడు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఇంట్లో అదే పని. గుంటలో వేలు పెడితే, పైకి తొయ్యడం కాదు, కింద అంచు నుంచి ఎత్తి తిప్పాలని మూడో రోజుకి అర్థమైంది. అక్క వేలు పొడుగు, తనది పొట్టి. అక్క ఆనించిన చోటికి అందుకోవాలంటే మణికట్టు కొంచెం వంచాలి. వంచితే అందింది. ఒక్కొక్క కదలికా, మూసిన గది తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నట్టు, తెలుస్తూ వచ్చింది. వెనక్కి వెళ్ళినట్టు వెళ్ళి ముందుకొచ్చే విద్య రెండు వారాలకి పట్టుబడింది. ఆ సంతోషంలో పక్కకి తిరిగి ఏదో అనబోయింది. పక్కన గోడ ఉంది.

పోటీ రోజు హాల్లో పరీక్షించే ఆయన కంట్రోలర్ బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. గొడుగుపిల్ల కదల్లేదు. నిలబడ్డ చోటే నిలబడి ఊపిరి తీసుకుంటోంది.

"బాగుంది. వెళ్ళండి" అన్నాడాయన. అది కదలకపోవడం అమ్మాయికి ఎందుకో చిన్న ముల్లులా గుచ్చుకుంది.

మొదటి పోరులో మొదటి ఆట ఓడిపోయింది. వేళ్ళు రాక కాదు. కొట్టే ముందు ప్రతిసారీ అరక్షణం ఆగుతోంది. అక్క జరిపాక కొట్టడం అలవాటు. ఆ అరక్షణంలో ఎదుటివాడు పని కానిచ్చేస్తున్నాడు. రెండో ఆటకి ముందు కళ్ళు మూసుకుని, గుంటలో వేలు నొక్కి, లోపల్లోపల "ఎడమా, పద" అనుకుంది. ఆగలేదు. రెండో ఆట గెలిచింది, మూడోదీ గెలిచింది. తర్వాతి పోరులో వచ్చిన పెద్దాయన మాత్రం అరటిపండు ఒలిచినట్టు ఓడించేసి, "గొడుగుతో బాగా నడిపిస్తావమ్మా" అని మెచ్చుకుని మరీ పోయాడు.

హాలు మెట్ల మీద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది.

"ఏమైందే?" అంది అక్క. ఈసారి వెనక చప్పుడేమీ లేదు.

"ఒకటి గెలిచాను, ఒకటి పోయింది. నీకు డ్యూటీ కదా?"

"మందుల గదిలో తలుపేసుకున్నాను. ఎడమ ఎవరు ఆడారు?"

"నేనే."

 చేసిన తప్పు ఒప్పుకునేదానిలా అక్క మెల్లగా చెప్పింది. "ఇక్కడ పిల్లల వార్డులో మన పాతదాని లాంటి ఆట పెట్టె ఉందే. వచ్చిన కొత్తల్లో ఒకసారి కూర్చున్నాను. ఆరేళ్ళవాడు నన్ను చిత్తుగా ఓడించాడు. గొడుగుపిల్ల ఊరికే అటూ ఇటూ తిరుగుతోంది గానీ కొట్టదు. నా కుడి చెయ్యి ఒళ్ళో కూర్చుంది. మళ్ళీ ముట్టుకోలేదు."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు రెండు చేతులతో హాయిగా ఆడుకుంటున్నావనుకున్నానే." వెంటనే అడిగింది. "ఆ పాతది పారేశావా?"

"లేదు. జారుతోంది."

"జారనీ. పంపించు."

ఇంటికొచ్చి అట్టపెట్టె వెతికింది. పెట్టే ముందు పాత కంట్రోలర్ కుడి పక్క వెలుతురుకి పట్టుకుని చూసింది. ఎడమ టోపీ కొత్తది, నల్లగా నిగనిగలాడుతోంది. కుడి వైపు బటన్ల మీద గుర్తులు ఒక్కటీ మిగల్లేదు. తన వేలే చెరిపేసింది. రెండు బటన్ల నడుమ ప్లాస్టిక్ అరిగి, వేలు జారే దారి ఒకటి మెరుస్తోంది. చీటీ మీద "కుడి బొటనవేలు ఇక్కడి నుంచి ఇక్కడికి" అని రాసి బాణం గుర్తు గీసింది.

మూత వేసే ముందు ఒక్కసారి తెరకు తగిలించి, నేల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గొడుగుపిల్ల ఎడమ పక్కకి బయల్దేరింది. తొందరేమీ లేదు దానికి. గోడ దాకా వెళ్ళేంతవరకూ అమ్మాయి తీగ తియ్యలేదు.