డ్రైవరు గారి చేతులు

"నా చేతులు పడిపోయాయి," అన్నాడు మిషనమ్మ భర్త ఒక ఉదయం టీ తాగుతూ. ఏడుపూ లేదు, పెడబొబ్బా లేదు. రేపు కుళాయి రాదట అన్నంత మామూలుగా అన్నాడు. టీ గ్లాసు ఆ పడిపోయిన చేతుల్లోనే ఉంది.

మిషనమ్మ కుట్టుమిషను ఆపి ఆయన వంక చూసింది. వీధి వీధంతటికీ పరదాలూ, దిండు గలీబులూ, చిరిగిన చొక్కా జేబులూ కుట్టిపెట్టే మనిషి కాబట్టి ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిస్తే చప్పున పలకదు కూడా.

"ఎవరన్నారు?" అంది.

"ఎవరో అనేదేంటి? స్టీరింగు తిరగట్లేదు. నిన్న మలుపులో కారు ఆపేసి, రెండు చేతులా పట్టుకుని లాగితేగానీ రాలేదు. వయసైపోయిందోయ్."

ఆ కారుని ఆయన ఒక డాక్టరు గారి దగ్గర ఉద్యోగమంతా నడిపాడు. డాక్టరు గారు కొత్త కారు కొనుక్కుని, పాతదాన్ని డ్రైవరుకే ఇచ్చేశాడు. గుండ్రటి ముక్కు, సన్నటి పెద్ద స్టీరింగు. ఈ కాలం కార్లలోలాగా చక్రాలు తిప్పడానికి మోటారు సాయం చేయదు. మనిషి చేతులే తిప్పాలి. అది తిరిగినన్నాళ్లూ ఆయన వీధిలో డ్రైవరు గారు. తిరగకపోతే ఏమవుతాడో ఎవరూ ఆలోచించలేదు, ఆయన తప్ప.

ఆలోచించి, అప్పుడే అయిపోవడం మొదలుపెట్టాడు. మర్నాడు సీసా మూత తీసిపెట్టమన్నాడు. ఆ మర్నాడు చొక్కా గుండీలు పెట్టమని ముందుకొచ్చి నిలబడ్డాడు. మిషనమ్మ పెట్టింది. పెడుతుంటే ఆమెకు భయమేసింది. కారు పోతే పోనీ, మనిషి ఇలా ఒక్కొక్క గుండీ చొప్పున చేతులెత్తేస్తుంటే రేపు అన్నం కూడా కలిపి పెట్టమంటాడు. అడిగితే పెట్టక తప్పదు. అలా పెట్టే రోజు చూడకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

ఈలోగా ఆమె తమ్ముడు ఊడిపడ్డాడు. సలహా ఇవ్వడానికి పిలవక్కర్లేని మనిషి.

"అక్కా, బావకి ఇంక కారెందుకే? ఫొటో స్టూడియో ఆయన అడుగుతున్నాడు. స్టూడియో ముందు నిలబెట్టి, పిల్లల్ని బానెట్ మీద కూర్చోబెట్టి ఫొటోలు తీస్తాడట. ఇంజను లేకపోయినా పర్లేదన్నాడు."

ఇంజను లేకపోయినా పర్లేదన్న మాట దగ్గర డ్రైవరు మొహం చిన్నబోయింది.

మిషనమ్మకు కార్ల సంగతి తెలియదు. మిషను సంగతి తెలుసు. మిషను బరువెక్కితే ఆమె ముందు నూనె చూస్తుంది, కాళ్ల సంగతి తర్వాత. అదే అడిగింది. "నూనె అయిపోయిందేమో చూశారా?"

ఆయనకు ముక్కు మీదికొచ్చింది కోపం. "ప్రతి నెలా గ్రీజు కొడుతున్నానా లేదా? నీ కళ్ల ముందేగా!"

కళ్ల ముందే. నెలకో ఆదివారం చాప, గ్రీజు గన్ను, రేడియో పట్టుకుని షెడ్డులోకి వెళ్తాడు. పాటలన్నీ అయిపోయాక నల్లటి చేతులతో వచ్చి సగం సబ్బు అరగదీస్తాడు. ఆ సబ్బు గురించి ఇంట్లో గొడవలు కూడా అయ్యాయి.

అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే మిషను నూనె డబ్బా పట్టుకుని షెడ్డులోకి వెళ్లింది. చక్రాల వెనక చెయ్యి దూరినంత మేర, కీలులా కనిపించిన ప్రతి చోటా ధారాళంగా పోసింది. కుట్టేవాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది. మిషను అయితే మర్నాటికి పరుగులు తీసేది. కారు కింద మాత్రం మర్నాటికి నేల నిండా నూనె మడుగు కట్టింది.

డ్రైవరు ఆ మడుగు చూసి గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "స్టీరింగు బాక్సు కూడా కారిపోతోంది. నాతో పాటే అదీనూ." ఆ పూటే తమ్ముడికి ఫోన్ చేసి, ఆదివారం స్టూడియో ఆయన్ని తీసుకురమ్మన్నాడు.

మిషనమ్మకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా మీసాల మెకానిక్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. అతను మీసం చాటున నవ్వుకున్నాడు.

"పల్చటి నూనె అక్కడ నిలవదు పెద్దమ్మా. కీళ్లలోకి గ్రీజే ఎక్కాలి. ముందు చక్రాలు పైకి లేపితే బరువు తగ్గి లోపలిదాకా వెళ్తుంది. పాతది నల్లగా బయటికొస్తుంది, కొత్తది కనపడేదాకా కొడుతూనే ఉండాలి. స్టీరింగు బాక్సులో మాత్రం చిక్కటి ఆయిల్, పైన మూత తీసి పొయ్యాలి. నేనొచ్చి చేసిపోనా?"

"వద్దు నాయనా. ఆయన కారు మీద మెకానిక్ చెయ్యి పడిందని తెలిస్తే చేతులేం ఖర్మ, కాళ్లు కూడా పడిపోతాయి."

మెకానిక్ ఆయిల్‌తో పాటు కారు బరువు ఆనడానికి రెండు ఇనుప స్టాండ్లు కూడా ఇచ్చాడు. జాకీని నమ్మి కారు కిందికి దూరొద్దని రెండుసార్లు చెప్పాడు.

శనివారం ఆమె మొగుణ్ణీ తమ్ముణ్ణీ కలిపి సినిమాకి తోలేసింది. స్టీరింగు బాక్సులో ఆయిల్ పోసి, ముందు చక్రాలు జాకీతో లేపి, స్టాండ్లు సరిచూసుకుని, చాప పరిచి పడుకుంది. చూసినవాళ్లు ఏమనుకుంటారో అన్న ఆలోచన సగం దూరాక వచ్చింది. వెనక్కి రావడమూ అంతే కష్టం కాబట్టి ముందుకే వెళ్లింది.

గ్రీజు ఎక్కించే మొనలు కనపడలేదు. వాటి మీద మట్టి రాయిలా గడ్డకట్టి ఉంది. పాత కత్తెరతో గీరితే పెచ్చులు పెచ్చులుగా మొహాన పడింది. గీరుతూ గీరుతూ ఆమె చెయ్యి ఆగిపోయింది. నెలనెలా గ్రీజు పడే చోట మట్టి ఇలా పేరుకోదు.

అంటే ఆయన కారు కిందికి దూరడమే లేదు. మోకాళ్లు వంగక, చాప పరిచి దాని పక్కన కూర్చుని, రేడియో విని, చేతులకింత గ్రీజు పూసుకుని వస్తున్నాడు. ఎన్ని ఆదివారాలు అలా కూర్చున్నాడో, చివరికి కొట్టాననే తానే నమ్మేసి ఉంటాడు. మిషనమ్మకు జాలేసింది. కారు కింద పడుకునే కాసేపు ఏడ్చింది. తర్వాత అరిగిపోయిన సబ్బులన్నీ గుర్తొచ్చి కోపమూ వచ్చింది. ఆ కోపంతోనే గన్ను గట్టిగా నొక్కింది. గట్టిపడిన నల్లటి ముద్ద ముందు బయటికి పాకింది, దాని వెనక మెత్తగా కొత్తది. వెంట్రుకల్లోకి పోయిన గ్రీజు తలంటుకున్నా పూర్తిగా వదల్లేదు.

ఆదివారం తమ్ముడూ స్టూడియో ఆయనా వచ్చారు. స్టూడియో దాకా తానే తోలుకొస్తానని, అది ఆఖరిసారి అని డ్రైవరు వాళ్లిద్దర్నీ ఎక్కించుకుని సీట్లో కూర్చున్నాడు. మలుపు దగ్గర లాగాల్సి వస్తుందని ముందే భుజాలు బిగించి స్టీరింగు తిప్పాడు. అది సులువుగా, ఆయన అనుకున్నదానికి మించి తిరిగిపోయింది. కారు గోడ వైపు వెళ్లబోయి ఆగింది.

ఆయన స్టీరింగుని ఎడమకీ కుడికీ తిప్పి చూశాడు. తర్వాత వీధి చుట్టొచ్చి, కారుని తిన్నగా షెడ్డులోకి రివర్సులో పెట్టాడు.

"అమ్మను," అన్నాడు దిగుతూ.

"అదేంటి బావా, మాటిచ్చి..."

"పిల్లల్ని నీ బండి మీద కూర్చోబెట్టి తీయమను."

వాళ్లు సణుక్కుంటూ వెళ్లిపోయాక ఆయన మిషను గదిలోకి వచ్చి నిలబడ్డాడు. మిషనమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది, ఆమె జుట్టులో మిగిలిన గ్రీజు నల్లగా మెరుస్తోంది.

"ఎడమకి తిప్పినప్పుడు సన్నగా కీచుమంటోంది," అన్నాడు.

"అలాగా."

"ఎడమ చక్రం వెనకాల ఇంకో గ్రీజు మొన ఉంది. స్టీరింగు మొత్తం కుడికి తిప్పితేగానీ కనపడదు. నువ్వు చూసుండవు."

దారం సూదిని తప్పిపోయింది. ఆమె తల ఎత్తలేదు.

"మోకాళ్లు ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లైంది."

"నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయింది?"

"చెప్తే నువ్వు దూరతావు కారు కిందికి."

మిషనమ్మ తిట్టబోతూ తల ఎత్తింది. ఆయన చొక్కా గుండీలన్నీ తానే పెట్టుకుని ఉన్నాడని అప్పుడు చూసింది. లేచి చాపా గన్నూ తీసుకుంది.

"పదండి, ఆ స్టాండ్లు పెట్టి మీరు సీట్లో కూర్చోండి. రేడియో వద్దు."

కాసేపటికి షెడ్డులోంచి ఆయన గొంతు వినిపించింది. "మొత్తం కుడికి తిప్పాను. కనపడిందా?"

"కనపడింది. అలాగే పట్టుకోండి," అంది ఆమె కారు కిందనుంచి. "చేతులు నొప్పి పెడితే చెప్పండి."

"నొప్పేం లేదు. నువ్వు కొట్టు."